కప్ప ముద్ర వేసిన బెల్లం

ఉసిరికోన అడవిలో తీపి అంటే గుంపస్వామి బెల్లమే. గుంపస్వామి నక్క. కోన మధ్యలో పారే వాగుకి ఎగువన, ఎండ బాగా తగిలే మెరక మీద అతని బెల్లం వంట సాగేది. ఒక చెరకు తోట, తోటని ఆనుకుని గానుగ, గానుగ తిప్పడానికి సన్యాసి అనే ఎద్దు, రసం కాచడానికి రెండు పెద్ద పెనాలు, దిమ్మలు దాచుకోవడానికి తాటాకుల కొట్టు. ఎనిమిది రోజులకోసారి వాగు పక్కనున్న బల్లపరుపు బండ మీద సంత జరిగేది. జంతువులన్నీ తమ దగ్గరున్నది తెచ్చి గుంపస్వామి ముందు పెట్టి బెల్లం పట్టుకెళ్లేవి. ఎలుగుబంటి పైడమ్మ తేనె తెచ్చేది. కోతులు చింతపండు తెచ్చేవి. అడవిపంది దాలయ్య దుంపలు తవ్వి తెచ్చేవాడు.

మొదట్లో ఆ బెల్లం మట్టిరంగులో ఉండేది. రుచి బాగానే ఉన్నా చూపుకి ఆనేది కాదు. ఒక ఏడాది గుంపస్వామి కొండ దిగి మైదానానికి వెళ్లి, సుద్దలాంటి తెల్లపొడి బస్తా ఒకటి మోసుకొచ్చాడు. కాగుతున్న రసంలో ఆ పొడి గుప్పెడు వేస్తే బెల్లం బంగారం రంగుకి తిరిగింది. ఆ సంతకి తెచ్చిన దిమ్మలన్నీ పొద్దెక్కేలోపే అయిపోయాయి. తర్వాతి సంతకి రెండింతలు వండాడు. ఆ పైన నాలుగింతలు. దానికి ‘బంగారు బెల్లం’ అని పేరు కూడా పెట్టాడు. అందరికంటే ఎక్కువ కొనేది పైడమ్మే. ఇంటికొచ్చిన చుట్టాలకి ముందు ఆ రంగు చూపించి, ఆ తర్వాత తినమని ఇచ్చేది.

చలి తగ్గి ఎండలు మొదలయ్యే రోజుల్లో పైడమ్మ తేనెపట్లు వెతుక్కుంటూ వాగు వెంట చాలా దిగువకి వెళ్లింది. అక్కడ ఒక మడుగు ఉంది. అందులో ఎర్రమ్మ అనే కప్ప కాపురం. ఎప్పుడెళ్లినా నీళ్లలోంచి తల ఎత్తి పలకరించే ఎర్రమ్మ ఆ రోజు మడుగుకి దూరంగా, ఎండిన రాయి మీద ముడుచుకుని కూర్చుంది. ఒంటి మీద తడి లేదు. ఎండలో ఎందుకు కూర్చున్నావని పైడమ్మ అడిగింది. ఎర్రమ్మ నీళ్లకేసి చూసింది.

“మూడు కాన్పులు పోయాయి వదినా,” అంది. “గుడ్లు రెండు రోజులు బాగానే ఉంటాయి. మూడో రోజుకి తెల్లబడి పైకి తేలతాయి. ఈసారి కొన్నిటికి తోకలు కూడా వచ్చాయి. ఈదుతుంటే చూసుకున్నాను. అవైనా నిలబడతాయనుకున్నాను.”

పైడమ్మ మడుగు అంచుకి వెళ్లి చూసింది. రాళ్ల చుట్టూ తెల్లటి తెట్టు కట్టి ఉంది. నీటిలోంచి పుల్లటి వాసన వస్తోంది. ఇది ఎప్పటినుంచని అడిగితే, నిరుడు చెరకు నరికినప్పటి నుంచి అని ఎర్రమ్మ చెప్పింది. రోజూ పొద్దు వాలే వేళకి పైనుంచి నీళ్లు వెచ్చగా, నురగతో వస్తాయట. అవి వచ్చినప్పుడు నీళ్లలో ఉంటే ఒళ్లంతా మంటట. చేపలు ఎప్పుడో దిగువకి వెళ్లిపోయాయట. తను మాత్రం ఎక్కడికి పోతుంది, పుట్టింది ఈ మడుగులోనే కదా అంది.

పైడమ్మకి సంగతి అప్పుడే అర్థమైంది. అయినా కళ్లతో చూడకుండా ఒకరిని అనకూడదనుకుని ఆ రోజు సాయంత్రమే ఎగువకి నడిచింది. ఇన్నేళ్లుగా బెల్లం తింటున్నా, వంట దగ్గరకి ఆమె వెళ్లడం అదే మొదటిసారి. గుంపస్వామి పెనాలు కడుగుతున్నాడు. తెల్లపొడి కలిసిన అడుగు మడ్డి, కడిగిన నీళ్లు ఒక చిన్న కాలువలో పడి, అట్నుంచి నేరుగా వాగులోకి జారిపోతున్నాయి.

గానుగ దగ్గర సన్యాసి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. అతని మెడ మీద, కాడి ఆనుకునే చోట, చర్మం ఊడి ఎర్రటి పుండైంది. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. పైడమ్మ పక్కన నడుస్తూ అతన్ని పలకరించింది. మునుపు జోడీగా ఇంకో ఎద్దు ఉండేవాడని, ఒకరు తిప్పిన రోజు ఇంకొకరు మేతకి వెళ్లేవారని సన్యాసి చెప్పాడు. కాలు దెబ్బతిని ఆ ఎద్దు వెళ్లిపోయాక గుంపస్వామి మరొకరిని పెట్టలేదు. బెల్లానికి గిరాకీ పెరిగింది కాబట్టి ఇప్పుడు తెల్లారిందగ్గర్నుంచి పొద్దుపోయేదాకా తనొక్కడే తిప్పుతున్నాడు. ఇదంతా అతను ఎవరి మీదా నేరం మోపకుండా, వానల గురించి చెప్పినట్టు చెప్పాడు. చివర్లో మాత్రం, అక్కా, మీ ఇంట్లో బెల్లం అందరికీ నచ్చుతోందా అని అడిగాడు. ఆ మాటకి పైడమ్మ తల దించుకుంది.

ఆమె గుంపస్వామి దగ్గరకి వెళ్లి చూసిందంతా చెప్పి, ఆ పొడి మానెయ్యమని మెల్లగా అడిగింది. గుంపస్వామికి కోపం రాలేదు. పీట వేసి కూర్చోబెట్టాడు.

“మానెయ్యమంటే ఇవాళే మానేస్తాను అక్కా,” అన్నాడు. “మానేస్తే బెల్లం మళ్లీ నల్లగా వస్తుంది. అది నువ్వు కొంటావా? నా బెల్లం రంగు బాగాలేదని మొదటి దిమ్మ నా మొహాన తిప్పికొట్టింది నువ్వే. మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. మీరు రంగు అడిగారు, నేను రంగు ఇచ్చాను.”

పైడమ్మ లేచి ఇంటిదారి పట్టింది. దారంతా ఆ మాటే చెవిలో తిరిగింది. నక్క అబద్ధం చెప్పి ఉంటే తిట్టి తేలికపడేది. అతను చెప్పింది నిజం. ఇంట్లో గూట్లో ఉన్న బంగారు దిమ్మ చూస్తే, తెల్లబడి తేలిన గుడ్లు గుర్తొచ్చాయి. ఆ రాత్రి దాన్ని ముట్టుకోలేదు.

తర్వాతి సంతలో ఆమె అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. మడుగు గురించి చెప్పింది, సన్యాసి మెడ గురించి చెప్పింది. నల్లదిమ్మ వెనక్కిచ్చింది తనేనని, తప్పులో పెద్ద వాటా తనదేనని కూడా దాచకుండా చెప్పింది. కోతుల పెద్ద రాములమ్మ విని చాలాసేపు గడ్డం గోక్కుంటూ కూర్చుంది. జింకలు తమ పిల్లలు కూడా ఆ వాగు నీళ్లే తాగుతున్నాయని గుసగుసలాడుకున్నాయి. దాలయ్య మాత్రం తనకి తినడం తెలుసు గానీ వండే తీరు తనకెందుకన్నాడు. చివరికి అందరూ కలిసి గుంపస్వామి దగ్గరకి వెళ్లి అడిగారు. నక్క ఒక్కొక్కరి మొహం తేరిపార చూశాడు. ఒక సంత గడువిస్తే అంతా సరిచేస్తానని మాటిచ్చాడు.

ఎనిమిదో రోజు వచ్చింది. గుంపస్వామి దిమ్మలన్నిటినీ మోదుగాకుల్లో చుట్టి తెచ్చాడు. ప్రతి ఆకు మీదా పసరుతో వేసిన ఒక పాదం ముద్ర ఉంది. అది ఎర్రమ్మ పాదమని, ఆమె స్వయంగా వచ్చి వంట చూసి, నీళ్లు చూసి, మెచ్చుకుని వేసిన ముద్ర అని చెప్పాడు. ఇక నుంచి ముద్ర లేని బెల్లం తన దగ్గర ఉండదన్నాడు. జంతువులు పొంగిపోయాయి. అడిగిన వెంటనే మారినందుకు అతన్ని మెచ్చుకున్నాయి. మనసులో ముల్లు తీసేసినట్టయింది కాబట్టి అంతకు ముందుకంటే ఎక్కువే పట్టుకెళ్లాయి. పైడమ్మ కూడా ఒక దిమ్మ తీసుకుంది. అయితే దాన్ని గూట్లో పెట్టలేదు. ఆకు విప్పకుండానే పట్టుకుని మడుగు దగ్గరకి వెళ్లింది. ఎర్రమ్మకి ధన్యవాదాలు చెప్పాలని ఆమె ఉద్దేశం.

ఎర్రమ్మ ఇంకా ఆ రాయి మీదే ఉంది. మడుగు చుట్టూ తెట్టు అలాగే ఉంది. పైడమ్మ ఆకు చూపించగానే ఎర్రమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తను ఆ మెరక వైపు ఎన్నడూ వెళ్లలేదని చెప్పింది. వేసవిలో అంత దూరం గెంతితే దారిలోనే ఎండిపోతానంది. వచ్చే సంతకి తనని తీసుకెళ్లమని అడిగింది.

ఆ సంతరోజు పైడమ్మ ఒక తడి ఆకుల పొట్లంలో ఎర్రమ్మని పెట్టుకుని భుజాన మోసుకొచ్చింది. గుంపస్వామి ముద్రల బెల్లం ముందు పెద్ద గుంపు ఉంది. పైడమ్మ పొట్లాన్ని బండ మీద దింపింది. ఎర్రమ్మ బయటికొచ్చి, కొంచెం బురద కావాలని అడిగింది. రాములమ్మ వాగు గట్టు నుంచి దోసెడు బురద తెచ్చి పరిచింది. ఎర్రమ్మ దాని మీద ముందుకాలు ఒకటి ఆనించి తీసింది. పక్కన మోదుగాకు పెట్టింది.

“నా చేతికి నాలుగే వేళ్లు,” అంది. “వెనక కాలికి అయిదుంటాయి గానీ వాటి మధ్య పొర ఉంటుంది. ఈ ఆకు మీద పొర లేకుండా అయిదు వేళ్లున్నాయి. ఇది ఎవరి పాదమో నాకు తెలియదు. నాది కాదు.”

ఒక జింక ముందుకొచ్చి రెండు ముద్రలూ లెక్కపెట్టి వెనక్కి వెళ్లింది. తర్వాత ఇంకొకటి. అలా ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్లారు. ముద్ర వేసే అచ్చు చెక్కడంలో చిన్న పొరపాటు జరిగిందని గుంపస్వామి అన్నాడు. ఎర్రమ్మ ఆరోగ్యం బాగాలేదని విని, ఇబ్బంది పెట్టడం ఎందుకని తనే చెక్కించానన్నాడు. పొడి సంగతేమిటని రాములమ్మ అడిగితే అతను దిమ్మలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

కోతులకి కోపమొచ్చింది. ఇక ఈ జన్మలో నక్క బెల్లం ముట్టం, గానుగ మూతపడాల్సిందే అన్నాయి. చాలామంది తలలూపారు. అప్పటిదాకా, తను బెల్లం లాక్కొచ్చిన బండి పక్కన నిలబడి ఉన్న సన్యాసి నోరు విప్పాడు.

“గానుగ ఆగిపోతే నాకు మేత ఎవరు పెడతారు?” అన్నాడు. “నాకు వేరే పని చేతకాదు. ఆపమని నేను అడగడం లేదు. సరిగ్గా నడపమంటున్నాను.”

ఆ మాటతో గుంపు చల్లబడింది. జంతువులు పక్కకి వెళ్లి మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాయి. తిరిగొచ్చాక అందరి తరఫునా పైడమ్మ గుంపస్వామి ఎదుట కూర్చుంది.

“తమ్ముడూ, నీ బెల్లం మాకు ఇష్టం. నీతో తగువు లేదు,” అంది. “పొడి మానెయ్యి. పెనాలు కడిగిన నీళ్లు వాగులో పడకుండా దూరంగా గుంత తవ్వి అందులో పొయ్యి. సన్యాసికి జోడీని తెచ్చి రోజు విడిచి రోజు విశ్రాంతి ఇవ్వు. మేం ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి చూస్తాం, ముందుగా చెప్పం. ఇవన్నీ జరిగిన రోజు నల్లబెల్లమే కొంటాం. రంగు అడగం. అది మా వంతు. అప్పటిదాకా నీ దగ్గర ఏమీ కొనం.”

గుంపస్వామి సరేనన్నట్టు తల ఊపాడు. లోపల మాత్రం నవ్వుకున్నాడు. తీపికి అలవాటు పడ్డ నాలుక ఎన్నాళ్లు ఆగుతుంది, రెండు సంతలు తిరిగేసరికి వీళ్లే వస్తారని అతని ధీమా. వంట ఆపలేదు. ఎప్పటిలాగే నాలుగింతలు వండి కొట్టులో పేర్చాడు.

రెండు సంతలు గడిచాయి. ఎవరూ రాలేదు. అది వాళ్లకేం తేలికగా జరగలేదు. కోతిపిల్లలు బెల్లం కోసం ఏడ్చాయి. చింతపండు పులుసు తీపి లేకుండా తినలేక రాములమ్మ మొహం చిట్లించుకునేది. మూడో సంత నాటికి గుంపస్వామి ఒక దుంపకి రెండు దిమ్మలిస్తానని కబురు పెడితే, దాలయ్య ఆగలేక చెరకు తోట వెనక నుంచి వెళ్లి తెచ్చుకున్నాడు. మూతికి బెల్లం అంటుకుని ఉండగా పైడమ్మ కంటపడ్డాడు. తిడుతుందనుకుని నిలబడిపోయాడు.

పైడమ్మ తిట్టలేదు. తనకీ అలాగే అనిపించిందని చెప్పింది. మొన్న ఒక సాయంత్రం కాళ్లు వాటంతటవే మెరక వైపు నడిచాయట, చెరకు తోట దాకా వెళ్లి వెనక్కి వచ్చిందట. దాలయ్య ఆ మాట విని వెనక్కి తిరిగాడు. చేతిలో మిగిలిన రెండో దిమ్మని అతను తిరిగి గుంపస్వామి కొట్టు ముందు పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు.

గుంపస్వామికి ఇది అర్థం కాలేదు. ఒక్కరు లొంగితే మిగతావారూ లొంగుతారనుకున్నాడు. ఇక వాసనతోనే వీళ్లని రప్పించాలని ఆలోచించాడు. సంతరోజు పొద్దున్నే రెండు పెనాల కిందా మంట పెట్టి, కొట్టు తడకలు నాలుగు వైపులా తీసేశాడు. పేర్చిన దిమ్మల తీపి వాసన, కాగుతున్న పాకం వాసన కలిసి గాలికి కోనంతా కమ్ముకున్నాయి. సంతలో జంతువులు ముక్కులు ఎగరేసి గుటకలు మింగాయి. ఒకరి మొహం ఒకరు చూసుకుని అక్కడే కూర్చున్నాయి.

మధ్యాహ్నానికి కొండ మీద మబ్బు పట్టింది. ఆ ఏడాది వేసవి వాన నెల ముందే వచ్చింది. గుంపస్వామి పరుగెత్తి తడకలు కట్టబోయాడు గానీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సన్యాసి గానుగ కాడికి కట్టేసి ఉన్నాడు. ఎవరినైనా పిలుద్దామంటే పిలిచే మొహం లేదు. జల్లు ఏటవాలుగా కొట్టింది. వాన వెలిశాక కూడా గాలిలో తేమ రెండు రోజులు తగ్గలేదు. పొడి వేసిన బెల్లం తడి తగిలితే నిలవదు. ముందు దిమ్మలు చెమర్చాయి, తర్వాత మెత్తబడ్డాయి, చివరికి ఒకదాని మీద ఒకటి కూలి చీమల పాలయ్యాయి. నాలుగు సంతల వంటలో అతనికి మిగిలింది కొట్టు నేల మీద జిగట. తేనె లేదు, చింతపండు లేదు, దుంపలు లేవు. గుంపస్వామి రెండు రోజులు కొట్టు గడపలో కూర్చున్నాడు. మూడో రోజు పైడమ్మ ఇంటికి వెళ్లాడు.

మొదట బేరమాడాడు. పొడి మానేస్తాను గానీ గుంత తవ్వడం కష్టమన్నాడు. గుంత తవ్వడానికి దాలయ్య ఉన్నాడని పైడమ్మ చెప్పింది. జోడీ ఎద్దుకి మేత ఎక్కడిదన్నాడు. చెరకు ఆకంతా ఊరికే కుళ్లిపోతోంది కదా అంది. చూడ్డానికి చెప్పకుండా వస్తామంటే తనకి చిన్నతనంగా ఉంటుందన్నాడు. దానికి మాత్రం పైడమ్మ అతనికేసి చూస్తూ కూర్చుంది. ముద్ర సంగతి అతనికే గుర్తొచ్చి, సరే రండి అన్నాడు.

నెల తిరిగేసరికి గుంత పూర్తయింది. పక్క కోన నుంచి వచ్చిన కొత్త ఎద్దు గానుగ తిప్పుతుంటే సన్యాసి వాగు గట్టున పచ్చిక మేశాడు. అతని మెడ పుండు మీద పైడమ్మ తేనె, పసుపు కలిపి రాసింది. రాములమ్మ చెప్పకుండా మూడుసార్లు వెళ్లి పెనాలు వాసన చూసి వచ్చింది. నల్లబెల్లం సంతకొచ్చిన రోజున జంతువులు దాని చుట్టూ నిలబడి చూశాయి. మట్టిగడ్డల్లా ఉంది. చెయ్యి చాచడానికి ఎవరికీ మనసు రాలేదు. పైడమ్మ ముందుకొచ్చి ఒక దిమ్మ తీసుకుని అందరి ఎదుట కొరికింది. కళ్లు మూసుకుని నమిలింది. ఇంత రుచి తను ఎలా మరిచిపోయిందో అంటూ రెండో ముక్క రాములమ్మ నోట్లో పెట్టింది. ఆ పూటకి దిమ్మలు సగం అయ్యాయి, తర్వాతి సంతకి అన్నీ అయ్యాయి. వానాకాలం ముగిసేనాటికి మడుగులో తెట్టు కరిగింది. ఎర్రమ్మ నీళ్లలోకి దిగింది. ఆ ఏడు ఆమె గుడ్లలో సగమే నిలిచాయి, అయినా సగం నిలిచాయి.

నల్లబెల్లం వానలోనూ కరగకుండా నిలవడం చూసి గుంపస్వామి దాన్ని పక్క కోనల సంతలకి కూడా తీసుకెళ్లాడు. పొడి లేకుండా వండాలన్న ఆలోచన తనదేనని, వాగు మీద జాలితో తనే గుంత తవ్వించానని అక్కడ చెప్పుకున్నాడు. ఉసిరికోనలో ఎవరూ అతన్ని కాదనలేదు. అయితే పక్క కోనలో ఒక ముసలి కుందేలు అతని మాటలన్నీ ఓపిగ్గా విని, బెల్లం బాగుంది గానీ వంట చూడ్డానికి ఎప్పుడు రమ్మంటావని అడిగింది. గుంపస్వామి గతుక్కుమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా జవాబు కోసం చూస్తున్నారు. అతను గొంతు సవరించుకుని, ఎప్పుడైనా రావచ్చు, చెప్పకుండా రావచ్చు అన్నాడు. అని, ఇంటికెళ్లి గుంత ఇంకాస్త లోతు చేయించాడు.

నీతి: కొనేవాళ్లు కలిసి అడిగి, అడిగినదాని కోసం తమ అలవాటునీ మార్చుకుంటే, అమ్మేవాడు మారక తప్పదు.